సంఘం మీటింగు జూమ్‌లో పెడితే చెల్లుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరి అభివృద్ధి సంఘం, 2001 చట్టం కింద రిజిస్టర్ అయింది. 180 మంది సభ్యుల్లో సగానికి పైగా హైదరాబాద్, ముంబై, దుబాయ్‌లలో ఉంటారు. ఏటా కోరం (మీటింగు చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) నిండక మీటింగు వాయిదా పడుతోంది. ఈసారి జూమ్‌లో పెట్టుకోవచ్చా?
– కార్యదర్శి, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు మీ బైలాలు (సంఘం సొంత నియమావళి) తీయండి. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 వీడియో మీటింగుల గురించి విడిగా ఏమీ చెప్పలేదు. నోటీసు ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి, కోరం ఎంత, ఓటు ఎలా వేయాలి అన్నవి బైలాల ప్రకారమే నడవాలి. అందులో ‘సంఘ కార్యాలయంలో’ అనో ‘స్వయంగా హాజరైన సభ్యులు’ అనో ఉంటే ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లను కోరంలో కలపడం ప్రమాదం. బైలాల్లో అసలు ఆ ఊసే లేకపోయినా, వద్దనలేదు కదా అని ముందుకు పోకండి. తీర్మానం నచ్చని సభ్యుడు సెక్షన్ 23 కింద మధ్యవర్తిత్వానికి గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. అక్కడ మొదట అడిగేది బైలాలో దీనికి వీలుందా అనే.

కాబట్టి ఒక్కసారి మాత్రం ఊళ్లో మామూలు మీటింగు పెట్టి బైలా సవరించుకోక తప్పదు. దసరాకు ఎలాగూ అందరూ ఇంటిముఖం పడతారు, కోరం అప్పుడే దొరుకుతుంది. సవరణ ఇలా రాసుకోవచ్చు: ‘సభ్యులు నేరుగా గానీ, ఒకరి మాట ఒకరికి వినిపించే వీడియో లేదా ఆడియో సాధనం ద్వారా గానీ సర్వసభ్య సమావేశంలో పాల్గొనవచ్చు. అలా పాల్గొన్నవారిని కోరంలో లెక్కించాలి, వారి ఓటు చెల్లుతుంది. గుర్తింపు, ఓటింగు పద్ధతి నోటీసులోనే తెలపాలి.’ ప్రత్యేక తీర్మానానికి కావాల్సిన మెజారిటీతో దీన్ని ఆమోదించి, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేసి నమోదు చేయించండి. అప్పటిదాకా బయటి ఊళ్లవాళ్లను ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. కోరం, ఓట్లు మాత్రం ఎదురుగా ఉన్నవాళ్లవే లెక్కపెట్టండి.

ప్రశ్న: నోటీసు వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోతుందా?
– సభ్యుడు, మిర్యాలగూడ

జవాబు: బైలాల్లో పోస్టు ద్వారా అని ఉంటే సరిపోదు, పోస్టు చేయాల్సిందే. వాట్సాప్, ఈమెయిల్ కూడా చెల్లేలా పైన చెప్పిన సవరణలోనే ఒక వాక్యం చేర్చుకోండి. అప్పుడు కూడా గ్రూపును నమ్ముకోవద్దు. గ్రూపులోంచి తప్పుకున్నవాళ్లు, నంబరు మార్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సభ్యుల రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కొక్కరికి విడిగా పంపండి, పంపిన తేదీ రిజిస్టర్‌లో రాయండి. నోటీసులో లింకు, పాస్‌కోడ్, ఎజెండాతో పాటు లింకు తెరుచుకోకపోతే ఫోన్ చేయాల్సిన నంబరు కూడా ఉండాలి. గల్ఫ్, అమెరికా సభ్యులుంటే ఆదివారం రాత్రి 7.30 అనువైన వేళ. దుబాయ్‌లో అప్పుడు సాయంత్రం 6, న్యూజెర్సీలో వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9 అవుతుంది.

ప్రశ్న: పోయినసారి ఆన్‌లైన్ మీటింగుకు 64 మంది వచ్చారు, మా కోరం 60. తీరా ఓటింగు వేళకు 51 మందే మిగిలారు. హాజరు జాబితా చూస్తే సగం పేర్లు ‘రెడ్‌మి’, ‘గెలాక్సీ’, ‘అమ్మ ఫోన్’. ఇప్పుడు తీర్మానాన్ని ఒకాయన ఒప్పుకోవడం లేదు.
– కోశాధికారి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఆయన అభ్యంతరంలో పస ఉంది. ఓటు వేసే క్షణానికి కోరం ఉండాలని మీ బైలా చెబితే ఆ తీర్మానం నిలవడం కష్టం. వాదన పెంచుకునే బదులు మళ్లీ నోటీసిచ్చి అదే తీర్మానం పెట్టుకోండి.

సభ్యులు ఎందుకు జారిపోతారంటే, చాలాచోట్ల కారణం ఉచిత ఖాతానే. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంటే గడువు. రెండింటిలోనూ 100 మందికి మించి పట్టరు. వాట్సాప్ గ్రూప్ కాల్‌లో అయితే 32 మందే. తెగిన లింకును మళ్లీ నొక్కే ఓపిక పెద్దవాళ్లలో ఎందరికి ఉంటుంది? ఆ ఒక్క నెలకైనా డబ్బు కట్టి జూమ్ తీసుకోండి. హోస్టు నల్లగొండలో ఉంటే కో-హోస్టు ఇంకో ఊళ్లో, వేరే నెట్‌వర్క్ మీద ఉండాలి. ఇక్కడ కరెంటు పోయినా మీటింగు ఆగదు.

పేర్ల సంగతికొస్తే, లింకు అరగంట ముందే తెరిచి వెయిటింగ్ రూమ్ పెట్టండి. లోపలికి రానిచ్చేటప్పుడే సభ్యత్వ సంఖ్య, పేరు కలిపి మార్చండి: ‘112 – ఫలానా’. రిజిస్టర్ పట్టుకుని ఒకరు పేర్లు పిలవాలి, సభ్యుడు ముఖం చూపించి పలకాలి. మనిషికి పది సెకన్లు వేసుకున్నా 60 మందికి పది నిమిషాలే. ఒకే ఫోన్ ముందు భార్యాభర్తలిద్దరూ సభ్యులుగా కూర్చుంటే ఇద్దరినీ విడివిడిగా పిలిచి రెండు హాజర్లు వేయండి. జూమ్ లెక్కలో వాళ్లిద్దరూ ఒక్కరే. ప్రతి ముఖ్య తీర్మానానికి ముందు తలలు మళ్లీ లెక్కపెట్టి ఆ అంకె, సమయం మినిట్స్‌లో (మీటింగు వివరాలు రాసే పుస్తకంలో) ఎక్కించాలి.

రికార్డింగు మొదలుపెట్టే ముందు ఆ మాట అందరికీ చెప్పండి. ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి. వాట్సాప్‌లో పంపిన కాపీని దాచుకుని ఒరిజినల్ చెరిపేస్తే రేపు సాక్ష్యంగా పెట్టడానికి చిక్కే. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి కాబట్టి, రికార్డు చేసింది ఎవరు, ఏ ఫోన్‌లో, ఏ తేదీన అన్నది రాసి పెట్టుకోండి.

ప్రశ్న: కార్యవర్గం ఎన్నిక వాట్సాప్ పోల్‌తో జరపవచ్చా?
– గద్వాల

జవాబు: రహస్య ఓటింగు అని బైలా అంటే వీల్లేదు. ఆ పోల్‌లో ఎవరు ఎవరికి వేశారో గ్రూపంతా చూస్తుంది, వేసిన ఓటు మార్చుకోనూ వచ్చు. గూగుల్ ఫామ్ లింకు సభ్యులు కానివాళ్లకూ చేరిపోతుంది. పోటీ ఉంటే బూత్ పెట్టి పేపరు బ్యాలెట్‌తో జరపడమే నయం. పోటీ లేకపోతే ఒక్కొక్క పేరు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లను మాట్లాడమని అడిగి ఏకగ్రీవమని రాసుకోవచ్చు. కొత్త కార్యవర్గం జాబితా మాత్రం వార్షిక సమావేశమైన 15 రోజుల్లోగా రిజిస్ట్రార్‌కు చేరాలి, మీటింగు ఎక్కడ జరిగినా సరే.

ప్రశ్న: మాది సొసైటీ కాదు, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేకుండా సేవ కోసం పెట్టిన కంపెనీ). మాకూ ఇవే నియమాలా?
– మహబూబ్‌నగర్

జవాబు: కావు, మీకు కంపెనీల చట్టం, 2013 వర్తిస్తుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2020లో కోవిడ్ వేళ ఇచ్చిన వీడియో మీటింగు అనుమతిని, 2025 సెప్టెంబరు 22 సర్క్యులర్‌తో తదుపరి ఉత్తర్వుల దాకా పొడిగించింది. వార్షిక సమావేశం గడువు మాత్రం పెరగలేదు. మామూలు కంపెనీలకు నోటీసు గడువు 21 రోజులు, మీకు 14 రోజులే. నోటీసు పంపిన రోజు, మీటింగు రోజు ఇందులో లెక్కకు రావు. మొదలయ్యే వేళకు 15 నిమిషాల ముందు లింకు తెరవాలి, తర్వాత మరో 15 నిమిషాల దాకా మూయకూడదు. ప్రాక్సీలకు, అంటే సభ్యుడి బదులు వచ్చేవాళ్లకు, చోటు లేదు. హాజరు 50 లోపుంటే చేతులెత్తి ఓటేయవచ్చు. ఎవరైనా పోల్ (చేతులెత్తడం కాకుండా ఓట్లు విడిగా లెక్కపెట్టడం) కోరితే సభ్యులు కంపెనీ రికార్డులో ఉన్న తమ ఈమెయిల్ నుంచే ఓటు పంపాలి. అందుకే మీటింగుకు నెల ముందే అందరి ఈమెయిల్ ఐడీలూ సరిచూడండి. చాలామందివి ఎప్పుడో నెట్ సెంటర్‌వాడు తెరిచినవే ఉంటాయి, పాస్‌వర్డ్ కూడా వాడి దగ్గరే.