అత్తగారు చూశారని కూతుర్ని కొట్టారు

తెనాలి దగ్గరి పల్లె నుంచి ఉత్తరం రాసిన తల్లికి,

పదో తరగతి చదివే మీ అమ్మాయి, బడిలో ఏఎన్‌ఎం నర్సు వచ్చి చెప్పిన పాఠం విని, ఆ రాత్రి అన్నాల దగ్గర "అమ్మా, తెల్లబట్ట అయితే జబ్బా?" అని అడిగింది. అత్తగారు కంచంలోంచి తలెత్తి చూశారు. మీరు పిల్ల చెంప మీద కొట్టారు. పదకొండు రోజులుగా పిల్ల మీతో మాట్లాడటం లేదు. ఇలాంటివి చెప్పే బడి మాన్పించి వేరే బడిలో వేయనా అని అడిగారు.

వద్దు. పదో తరగతి మధ్యలో బడి మార్చే మాట ఎత్తకండి.

రెండు పేజీల ఉత్తరంలో "అత్తయ్య ఏమనుకుంటారో" అని నాలుగుసార్లు రాశారు. "పాపకేమైనా ఇబ్బందిగా ఉందేమో" అని ఒక్కసారీ రాయలేదు. నాకు గుచ్చుకున్నది అదే. పదిహేడేళ్ళు కాపురం చేశాక కూడా అత్తగారి చూపుకి అంత హడలిపోవాలా? పెద్దావిడకి మర్యాద ఇవ్వండి, వేళకి అన్నం, మందులు చూడండి. అది మీ బాధ్యతే. కానీ కన్నకూతురి ఒంటి గురించి మాట్లాడటానికి ఆవిడ అనుమతి దేనికి?

మూడేళ్ళ కిందట పిల్ల పెద్దమనిషి అయితే ఫ్లెక్సీలు కట్టి నాలుగు వందల మందికి భోజనాలు పెట్టామని మీరే రాశారు. ఆ రక్తం ఎందుకు వస్తుందో అప్పుడు ఎవరైనా చెప్పారా? నాకూ ఎవరూ చెప్పలేదు. నేను పెద్దమనిషి అయినప్పుడు నన్ను తాటాకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి ముద్దలు తినిపించారు. లోపల ఏదో తెగింది, చచ్చిపోతానేమో అని మూడు రాత్రులు ఏడ్చాను. మా అమ్మ గుమ్మం అవతలే పడుకుంది. పాపం, ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

పిల్ల అడిగినదానికి జవాబు చెప్పండి. ఈ వయసులో కొద్దిగా, వాసన లేకుండా తెల్లబట్ట అవడం మామూలే. దురద, మంట, చెడు వాసన ఉన్నా, పెరుగు విరుగులా అవుతున్నా, రంగు మారినా డాక్టరుకి చూపించాలి. 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం 2014లో కేంద్రం మొదలుపెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమం కింద చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు పెట్టారు. మీ దగ్గర ఎక్కడుందో ఆశా కార్యకర్తని అడిగి, మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. లోపల కాసేపు పిల్లని ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఇవన్నీ చెబితే ఆడపిల్లలు చెడిపోతారని అత్తగారు అన్నారట. అనేక దేశాల అధ్యయనాలు చూసి యునెస్కో 2018లో చెప్పింది వేరు. ఈ లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి శారీరక సంబంధాల్లోకి దిగడం లేదు. అయినా ఆవిడతో వాదనకి దిగకండి. "దానికి నేను చెప్పుకుంటాలెండి" అంటే చాలు.

నా టెన్షన్ ఇంకొకటి. రేపు బస్సులోనో, ట్యూషన్‌లోనో, చుట్టాలింట్లోనో ఎవడైనా పిల్ల మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకుంటుంది? అన్నం కంచం ముందు తగిలిన దెబ్బ గుర్తొచ్చి నోరు నొక్కుకుంటుంది. అలాంటప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని దానికి చెప్పండి. కానీ ముందు మీ దగ్గరికి రాగలగాలి.

రేపు పొద్దున జడ వేస్తూ, "ఆ రోజు నిన్ను కొట్టడం నాదే తప్పు, అడిగింది మంచి ప్రశ్న" అనండి. అత్తగారు పక్కనే కాఫీ తాగుతున్నా గొంతు తగ్గించకండి.