బోరునీళ్లతో కడగకు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు చూసిన. బొగ్గు మిల్లు రోలర్ ముక్కను నైటాల్‌తో (ఆల్కహాల్‌ల కలిపిన నైట్రిక్ యాసిడ్) ఎచింగ్ చేసి, అంటే మైక్రోస్కోపుల లోపలి నిర్మాణం కనబడేటట్టు మందుతోని కొరికించి, "అంతా తెలుపు, బూడిద రంగే. ఏం చదవాలె పెద్దబాపూ" అన్నవ్. క్రోమియం ఎక్కువున్న పోత ఇనుమును నైటాల్ అంతగా పట్టదు. కార్బైడ్ల (కార్బన్ కలిసిన గట్టి రేణువుల) అంచులు తెలుస్తయి గని, వాటి నడుమ ఉన్నది మార్టెన్‌సైటా (చల్లార్చితే ఏర్పడే గట్టి రూపం), మారకుండ మిగిలిపోయిన ఆస్టెనైటా (వేడిల ఉండే మెత్తటి రూపం) అన్నది తేలదు.

మందు కలిపే ముందు దేనికి రంగు రావాల్నో అనుకో. కార్బైడ్లకైతే మురకామి అనే మందు: 100 మిల్లీలీటర్ల నీళ్లల్ల 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కరిగించి, ఆపైన 10 గ్రాముల పొటాషియం ఫెర్రీసైనైడ్. వేడి చెయ్యకుండ వాడితే క్రోమియం కార్బైడ్ రంగెక్కుతది, సిమెంటైట్ (ఇనుప కార్బైడ్) తెల్లగనే ఉంటది. వాటి నడుమ భాగానికైతే బెరాహా అనే మందు: హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక పాలు, నీళ్లు ఐదు పాళ్లు కలిపి, ఆ 100 మిల్లీలీటర్లల్ల ఒక గ్రాము దాకా పొటాషియం మెటాబైసల్ఫైట్. ఈ రెండు మందులు ఒక్క సింకుల ఎన్నడూ పొయ్యకు. ఫెర్రీసైనైడ్‌కు యాసిడ్ తగిలితే విషవాయువు లేస్తది. ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగే గూడు) కిందనే పని చెయ్.

నైటాల్‌కు అలవాటైన చెయ్యి దూదితోని రుద్దుతది. బెరాహాకు అది పనికిరాదు. ఈ రంగు ఉపరితలం మీద పెరిగే సన్నటి పొరది, పొర మందం మారితే రంగు మారుతది. రుద్దితే పొర పోతది. ముక్కను పట్టుకారుతో ముంచి, మెల్లగ కదుపుతూ చూస్తుండు. మెరుపు తగ్గి పసుపు, ఎరుపు, ఊదా, నీలం వస్తయి. ఊదా దగ్గర తీసెయ్యి. గడియారాన్ని నమ్మకు, మందు పాతదైతే టైము మారుతది.

పాలిష్ సంగతి. నా కొత్తల ఒకసారి 1 మైక్రాన్ డైమండ్ పేస్ట్ దాకా పోకుండనే తొందరపడిన. రంగు పడంగనే గీతలన్ని నీలంగ లేచినయ్. వాటిని మార్టెన్‌సైట్ సూదులని రిపోర్టు రాసిన. మా సార్ మైక్రోస్కోపు ఐపీస్‌ల చూసి, "సూదులన్ని ఒక్కదిక్కే మొకం పెట్టినయేందిరా" అన్నడు. ఇగ బొచ్చు ఎక్కువున్న బట్ట వాడకు. కార్బైడ్లు ఎత్తుగ నిలుస్తయి, అంచులు మసక కొడ్తయి. కోసేటప్పుడు కూలెంట్ ఆగితే ముక్క వేడెక్కి మార్టెన్‌సైటే మారిపోతది, ఇగ ఎంత మంచి మందైనా అబద్ధమే చూపిస్తది.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, వెంటనే ఆల్కహాల్, ఆపైన హెయిర్ డ్రయర్. హన్మకొండ బోరునీళ్లకు తెల్లమరకలు పడ్తయి. నీ రెండో ఫొటోల మూలకున్న గుండ్రటి మచ్చ అదే, లోహంల కొత్త ఫేజ్ (వేరే రూపం) కాదు. ఆ ముక్క పారెయ్యకు, మళ్ల పాలిష్ చేసి ఇంకోసారి ముంచి పంపు.

మీ పెద్దబాపు