సంతకం తర్వాత పెట్టొచ్చు, ముందు అడ్వాన్సు పుస్తకం చూడండి

మీరు అడిగింది ఇదీ: చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది, రాయి బయటి క్వారీల నుంచి కొంటారు, లండన్ బయ్యర్ ఒక ఫారం పంపి మీ కంపెనీలోగానీ మీకు సరుకిచ్చే వాళ్ల దగ్గరగానీ 'ఆధునిక బానిసత్వం' లేదని రాసివ్వమన్నాడు. మా దగ్గర ఎవర్నీ కట్టేసి కొట్టట్లేదు కదా, సంతకం పెట్టేస్తే సరిపోతుందా అని.

పెట్టకండి. కనీసం ఈ నెల పెట్టకండి.

నేను హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ పర్చేజ్‌లో పదకొండేళ్లు చేశాను. ఇటుక, ఇసుక, కంకర నావి. మొదటి నాలుగేళ్లు నేనూ ఇలాంటి కాగితాలు కట్టలు కట్టలుగా తీసుకుని ఫైళ్లలో పెట్టాను. "మా వద్ద వెట్టి చాకిరీ లేదు, బాల కార్మికులు లేరు" అని స్టాంపు కొట్టి ఇచ్చేవాళ్లు. ఒక ఇటుక బట్టీ ఓనరైతే ఖాళీ లెటర్‌హెడ్‌ల మీద సంతకాలు పెట్టి పది ఇచ్చాడు, మీకేం కావాలో మీరే టైపు చేసుకోండి సార్ అని. నేను తీసుకున్నాను కూడా, సిగ్గుపడకుండా.

కళ్లు తెరుచుకున్నది వేరే పని మీద వెళ్లినప్పుడు. ఇటుక సరిగా కాలలేదని సైట్ నుంచి గొడవ వస్తే, ఓ జనవరి సాయంత్రం చెప్పకుండా బట్టీకి వెళ్లాం. మా డ్రైవరుది ఇచ్ఛాపురం, ఒడియా బాగా వచ్చు. నేను ఆఫీసు రేకుల షెడ్డులో కూర్చుంటే వాడు బీడీ కాల్చుకుంటూ గుడిసెల వైపు వెళ్లాడు. అక్కడి కూలీలు పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు వాళ్లు, వాళ్ల మాట వాడి ఒడియాలా లేదట, అయినా నడిపించాడు.

షెడ్డులో బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం ఉంది. గుమాస్తా టీ కోసం లేచాడు, నేను తిరగేశాను. ఒక్కో పేజీ ఒక్కో కుటుంబానిది. పైన అడ్వాన్సు నలభై రెండు వేలు. దాని కింద రైలు చార్జీలు, బియ్యం, జ్వరం ఇంజెక్షను ఆరు వందలు, మళ్లీ బియ్యం. "వాన, 3 వేలు పోయినవి" అని ఒక లైను, అంటే ఆరబెట్టిన పచ్చి ఇటుక వానకి కరిగిపోతే ఆ కూలి కూడా లేదన్నమాట. వెయ్యి ఇటుకలకి ఇంత అని రేటు, వారం వారం చేతికిచ్చేది తిండికి మాత్రం, అసలు లెక్క సీజన్ అయ్యాక జూన్‌లో. నవంబర్‌లో వచ్చినప్పుడు ఉన్న బాకీ కంటే జనవరిలో బాకీ ఎక్కువగా ఉంది. రెండు నెలలు తెల్లవారుజామున లేచి మట్టి తొక్కిన తర్వాత! పక్కనే బిస్కెట్ డబ్బాలో రబ్బరు బ్యాండు వేసి ఆధార్ కార్డులు.

కారెక్కాక మా వాడు చెప్పాడు. ఒకావిడ తల్లి చనిపోతే మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లడానికి ఒప్పుకోలేదట, ఆవిడ వెళ్లి వచ్చిందాకా మొగుడూ పిల్లలూ బట్టీలోనే ఉండాలన్నారట. వీడు అమాయకంగా "మానేసి పోవచ్చుగా" అని అడిగితే, "బాకీ నువ్వు కడతావా" అని నవ్విందట.

మీరు ఫారం నింపే ముందు వెతుక్కోవాల్సింది ఇదే. గొలుసులు అక్కర్లేదు, గేటుకి తాళం కూడా అక్కర్లేదు. ఈ మనిషి రేపు పొద్దున మానేసి తన కార్డు తీసుకుని, చేసిన పనికి డబ్బు తీసుకుని బస్సెక్కగలడా? ఎక్కలేడంటే, కారణం అప్పు అయితే, దానికి మన దేశంలో 1976 నుంచీ చట్టం ఉంది. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు రద్దు, వసూలు చేయడానికి వీల్లేదు. అది అప్పు కోసం చేయించుకున్న వెట్టి కాదని నిరూపించుకోవాల్సింది కూలీ కాదు, అప్పిచ్చిన వాడు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు పనే అని 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీది రాయి వ్యాపారం కాబట్టి ఇంకోటి: ఫరీదాబాద్ దగ్గర రాతి క్వారీల కూలీల గురించి వచ్చిన ఒక ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని అదే కోర్టు 1983 డిసెంబర్‌లో తీర్పిచ్చింది. మనిషి చేత బలవంతంగా పని చేయిస్తున్నారని తేలితే, దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలంది. అంటే మీ క్వారీ ఓనరు "వాళ్లే ఇష్టపడి అడ్వాన్సు తీసుకున్నారండీ" అంటే అది జవాబు కాదు.

ఇష్టపడి అనే మాట మా ఇంట్లోనూ విన్నాను లెండి. మాది పాలమూరు. మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ప్రాజెక్టుల మీదికి పోయినవాడు, లెక్క తెగే దాకా ఊరి ముఖం చూడలేదు. తర్వాత తనే చిన్న మేస్త్రీ అయ్యి ఇంకో పదిమందికి అడ్వాన్సులిచ్చాడు. చెడ్డవాడు కాదు. అందుకే మేస్త్రీనో, ఒడిశా నుంచి కూలీల్ని కూర్చి పంపే సర్దార్‌నో విలన్‌ని చేసి చేతులు కడుక్కోవడం నాకు నచ్చదు, ఆయన పైన ఎవరున్నారో చూడాలి.

పైన ఉన్నది మేమే. అది అర్థం కావడానికి నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ రాత్రే బాసుకి చెప్పాను. ఆయన మంచివాడే, భయపడ్డాడు, మర్నాడే ఆ బట్టీకి ఆర్డర్లు ఆపేశాడు. మేం శుభ్రంగా ఉన్నాం అనుకున్నాం. రెండు వారాలకి బిల్లుల లెక్క కోసం వెళ్తే గుడిసెలు సగం ఖాళీ. "ఆర్డర్లు లేవు కదా సార్, వేరే బట్టీకిచ్చేశాను, అడ్వాన్సు వాళ్లే కట్టుకున్నారు" అన్నాడు ఓనరు. మనుషుల్ని బాకీతో సహా అమ్మేశాడు, ఆ అమ్మకానికి కారణం మా ఈమెయిల్. ఆ తల్లి చనిపోయినావిడ ఎటు వెళ్లిందో తెలుసుకోలేకపోయాం. సమస్య కనపడగానే సప్లయర్‌ని వదిలించుకోవడం కంటే పనికిమాలిన పని లేదు, కానీ కంపెనీలన్నీ ముందు చేసేది అదే, ఎందుకంటే ఫైల్లో బాగుంటుంది.

మరుసటేడు ఇంకో బట్టీలో అదే కథ కనపడింది, ఈసారి నోరు మూసుకుని ముందు ఆర్డీవో ఆఫీసుకి వెళ్లాను. ఈ చట్టం కింద విచారణ చేసి విడుదల చేయించాల్సింది కలెక్టరు, ఆర్డీవోలే, చాలామంది పోలీసుల దగ్గరికో లేబర్ ఆఫీసుకో వెళ్లి అక్కడే తిరుగుతారు. నాలుగుసార్లు తిరిగాక విచారణ జరిగింది, ఆరు కుటుంబాలకి విడుదల పత్రాలు వచ్చాయి. ఆ పత్రం చాలా ముఖ్యం, అది లేకపోతే బాకీ రద్దయినట్టు ఊళ్లో సర్దార్‌కి చూపించడానికి ఏమీ ఉండదు, ప్రభుత్వ సాయానికీ అదే ఆధారం. కేంద్ర పథకం కింద వెంటనే ఇచ్చే మొత్తం ఇప్పుడు 30,000 వరకు ఉంది, మనిషి పరిస్థితిని బట్టి ఇచ్చే మిగతా లక్ష, రెండు లక్షలు, మూడు లక్షలు కేసుతో ముడిపడి ఉంటాయి, అవి రావడం అంత తేలిక కాదు. మేం చేసింది ఒకటే, చేసిన ఇటుకకి రావాల్సిన కూలి మా బిల్లులోంచి కట్ చేసి వాళ్ల చేతికే ఇప్పించడం. ఓనరు నాతో ఏడాది మాట్లాడలేదు.

తర్వాత మిగిలిన బట్టీలతో కూర్చుంటే అసలు లెక్క బయటపడింది. ఆగస్టు, సెప్టెంబర్‌లో ఆ ఒడిశా ఊళ్లలో నువాఖాయ్ పండగ అయ్యాక సర్దార్‌లు అడ్వాన్సులు పంచుతారు. ఆ డబ్బు ఓనరు వడ్డీకి తెస్తాడు. మేమేమో ఇటుక దించుకున్న తొంభై రోజులకి చెక్కు ఇస్తాం, అదీ ఫోన్లు చేయించుకుని. పైగా ఏటా రేటు తగ్గించమని బేరం. వాడు ఆ వడ్డీ, ఆ ఆలస్యం మొత్తం ఎవరి నెత్తిన రుద్దుతాడు? కిందనున్న వాడి నెత్తినే. నేను బాగా బేరమాడినందుకు ఒక ఏడాది బోనస్ కూడా తీసుకున్నాను.

కాబట్టి మా ఎండీని ఒప్పించడానికి ఆర్నెల్లు పట్టినా, పదిహేను రోజుల్లో చెల్లింపు పెట్టాం, బదులుగా మూడు షరతులు: కూలి లెక్క పదిహేను రోజులకోసారి తేల్చి ఇవ్వాలి, సర్దార్ కమీషనూ రైలు చార్జీలూ ఓనరువే, కార్డులు ఎవరివి వాళ్ల దగ్గరే. అడ్వాన్సు వద్దనలేదు, వద్దంటే ఆ ఇంట్లో పండగ తర్వాత తినడానికి ఉండదు. కానీ దాని కాగితం కూలీకి చదివి వినిపించాలి, మధ్యలో మానేస్తే పట్టి ఉంచకూడదు. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్న వాళ్లలో కూడా ఒకడు రెండు పుస్తకాలు పెట్టాడు, మాకు ఒకటి, వాళ్లకి ఒకటి.

ఇక మీ సంగతి. క్వారీకి మీరే వెళ్లండి, చెప్పకుండా, సాయంత్రం పని దిగే వేళకి. ఆడిట్ కంపెనీ వాళ్లు పగలు పదకొండింటికి హెల్మెట్ పెట్టుకుని వస్తారు, ఆ రోజు అందరికీ కొత్త బూట్లుంటాయి. డ్రిల్లింగ్ చేసేవాళ్లు ఏ రాష్ట్రం నుంచి వస్తారో ముందు కనుక్కుని ఆ భాష వచ్చిన మనిషిని తీసుకెళ్లండి, ఓనరు మనిషిని దుబాసీగా పెట్టుకోకండి. ఆడవాళ్లుంటే వేరేగా మాట్లాడించండి. "మిమ్మల్ని హింసిస్తున్నారా" అని అడగకండి, ఎవరూ అవునని చెప్పరు. ఎంత తీసుకున్నావు, ఇప్పుడెంత ఉంది, చివరిసారి ఊరికి ఎప్పుడెళ్లావు, ఇంట్లో వాళ్లందరూ కలిసి వెళ్లారా, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది, ఇలా అడగండి. జీతాలు బ్యాంకులో వేస్తున్నాం అని చెప్తారు. కార్డులు కాంట్రాక్టర్ జేబులో ఉంటే అది ఎవరి బ్యాంకు?

మీ సొంత యూనిట్‌లో కూడా చూడండి, ముఖ్యంగా సెక్యూరిటీ, లోడింగ్, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ల కింద ఉన్నవాళ్లని. ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటుకి ఎంతిచ్చారో అడగండి. గల్ఫ్‌కి పోయినవాళ్లున్న ఇళ్లలో ఈ లెక్క అందరికీ తెలుసు. చట్టం ప్రకారం ఏజెంటు ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ దాటకూడదు. మా బావ లక్షా ఇరవై ఇచ్చి దుబాయ్ పోయాడు, పాస్‌పోర్టు కంపెనీ తీసుకుంది, మొదటి ఏడాది జీతం మొత్తం ఆ అప్పుకే. ఇంకోటి, కొత్తగా చేరినవాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ హెచ్‌ఆర్ బీరువాలో ఉన్నాయా? ఉంటే రేపే ఇచ్చేయండి. అది బానిసత్వం అని అనట్లేదు, కానీ బిస్కెట్ డబ్బాలో ఆధార్ కార్డుల వెనక ఉన్న బుద్ధి అదే. మనిషి పేపర్లు పట్టి ఉంచుకోవడం అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే బలవంతపు చాకిరీ గుర్తుల్లో ఒకటి.

ఆ లండన్ ఫారం గురించి ఒక్క ముక్క. బ్రిటన్‌లో 2015 ఆధునిక బానిసత్వ చట్టం 54వ సెక్షన్ కింద ఏటా ప్రకటన ఇవ్వాల్సింది 3.6 కోట్ల పౌండ్లకు పైన టర్నోవర్ ఉన్న కంపెనీలు, అంటే మీ బయ్యరు, మీరు కాదు. అందులో కూడా "మా దగ్గర ఎక్కడా లేదు" అని గ్యారంటీ ఇమ్మని లేదు, ఏం చర్యలు తీసుకున్నారో చెప్పమని ఉంది, ఏమీ తీసుకోకపోతే తీసుకోలేదని చెప్పినా చట్టానికి సరిపోతుంది. తన మీదున్నది మీతో సంతకం పెట్టించి దించుకుంటున్నాడు, అంతే. కాబట్టి "లేదు" అని రాయకుండా, మా రాయి ఫలానా ఇన్ని క్వారీల నుంచి వస్తుంది, ఇన్నింటికి వెళ్లాం, రెండింట్లో అడ్వాన్సులు సీజన్ చివర్లో తేలుస్తున్నారు, ఆరు నెలల్లో మార్పిస్తున్నాం అని రాయండి. చివర్లో మీరొకటి అడగండి: కంటైనర్ దిగిన ఎన్ని రోజులకి మీరు డబ్బు పంపుతారు, మా క్వారీలకి పదిహేను రోజుల్లో ఇవ్వాలంటే మాకు అది ముప్పై రోజుల్లో రావాలి, కుదురుతుందా అని. మా పాత కంపెనీ తరఫున అలా అడిగితే ఇద్దరు క్లయింట్లలో ఒకరు నలభై ఐదు రోజులకి ఒప్పుకున్నారు, రెండో వాళ్లు మెయిల్‌కి ఇప్పటిదాకా జవాబివ్వలేదు.