ఆయిల్ పెరిగితే సంబరపడకు అల్లుడూ

అల్లుడూ,

బోటుకి ఫోర్ స్ట్రోక్ మోటారు కొంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉందిరా, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది మీ నాన్నకి చూపించకు.

పెట్రోల్లో ఆయిల్ కలపకు, అది టూ స్ట్రోక్ అలవాటు. ఎఫ్‌సీ-డబ్ల్యూ అని రాసున్న ఆయిలే కొను, అది బోటు ఫోర్ స్ట్రోక్ మోటార్లకి చేసిన ఆయిల్. మొదటి 20 గంటలకి మార్చు, తర్వాత ప్రతి 100 గంటలకి. ఉప్పునీళ్లలో తిరిగొచ్చాక మంచినీళ్లు పట్టు. ఇవన్నీ షాపువాడూ చెప్తాడు.

వాడు చెప్పనిది చెప్తా. నా మొదటి ఫోర్ స్ట్రోక్‌లో థర్మోస్టాట్ (ఇంజన్ వెచ్చబడేదాకా చల్లనీళ్లని ఆపే మూత) ఉప్పు పట్టి బిగుసుకుపోతే పీకేశా. నీళ్లు ధారాళంగా తిరుగుతాయి, ఇంజన్ చల్లగా ఉంటుందని నా తెలివి. కాకినాడ హోప్ ఐలాండ్ లోపలి వైపు వలలేస్తూ గంటలు గంటలు స్లోలోనే నడిపేవాణ్ణి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీస్తే ఆయిల్ తగ్గడం లేదు సరికదా, పై గీత దాటి ఉంది! నా మోటారు ఆయిల్ తాగదు, ఇస్తుంది అని ఒడ్డున అందరికీ చెప్పుకున్నా. పెట్రోల్ కంపు కొడుతోందేంట్రా అన్నాడు బావ. నీకేం తెలుసు అని కసిరా. ఇంజన్ వెచ్చబడకపోతే పెట్రోల్ పూర్తిగా కాలదు, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందకి జారి ఆయిల్లో కలుస్తుంది. పెరిగింది ఆయిల్ కాదు, పెట్రోల్. అది కలిస్తే ఆయిల్ పల్చబడి ఇంజన్‌ని కాపాడదు.

ఓ సాయంత్రం ఐలాండ్ దాటాక టకటకమని చప్పుడు, అంతే, మోటారు పట్టేసింది. తాడు లాగితే కదల్లేదు. పాటు నీళ్లు మమ్మల్ని బయటికి లాగేస్తున్నాయి. లంగరు తాడు బరువని ఆ రోజే ఒడ్డున వదిలేశా, చూడు నా ఖర్మ. తెల్లారేదాకా బావ తెడ్డుకి లుంగీ కట్టి పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. వేరే బోటు లాక్కొచ్చాక డిప్‌స్టిక్ తీసి వాసన చూసి నా చేతిలో పెట్టాడు. నీకప్పుడు 8 ఏళ్లు, సైకిల్ టైరు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నావు.

అందుకని పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మోటారు నిటారుగా పెట్టి డిప్‌స్టిక్ చూడు, వంచి చూస్తే తప్పు చూపిస్తుంది. వాసన కూడా చూడు. పై గీత దాటితే వేటకి వెళ్లొద్దు, ఆ ఆయిల్ తీసెయ్. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వెయ్యి, పీకకు. స్లోగా నడిపాక ఒడ్డుకొచ్చేటప్పుడు ఓ పావుగంట స్పీడు మీద రా. కొత్తలో రింగులు కుదురుకోవాలంటే పూర్తిగా స్లోలో నడపకు, ఫుల్లుగా కూడా వద్దు, మారుస్తూ ఉండు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, మోటారు పక్కన పెట్టేముందే పాత ఆయిల్ మార్చు, వేట మొదలయ్యాక కాదు.

లంగరు తాడు నేను కొని తెస్తున్నా, పొడవుది. ఆదివారం వస్తా, నేనొచ్చేదాకా మోటారు బిగించకు. అక్కని చేపల పులుసు పెట్టమను, చింతపులుపు కాస్త తగ్గించి.

మీ మావయ్య