పీఎస్4 పక్కన పెట్టి మొదటి గేమింగ్ పీసీ: తిరుపతిలో 60 వేలకు అవుతుందా?

ప్రశ్న: ఆరేళ్లుగా పీఎస్4 గేమ్ కన్సోల్ వాడుతున్నాను. ఇప్పుడు గేమింగ్ పీసీ కట్టుకోవాలని ఉంది, చదువుకూ పనికి రావాలి. ఇంట్లో 60 వేలకు మించి ఇవ్వరు. ఉండేది తిరుపతి. ఏం కొనాలి, ఇక్కడ కొనాలా చెన్నై వెళ్లాలా, నేనే బిగించుకోగలనా?

బిగించుకోగలరు. పక్కింటివాళ్ల స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చుకుని నేనే బిగించాను, మీకేం? కానీ ఆ 60 వేలూ ఒకేరోజు షాపులో పెట్టి రాకండి. కన్సోల్‌కు ఒకటే డబ్బా, ఒకటే ధర. పీసీకి కీబోర్డ్, మౌస్, యూపీఎస్, వైఫై అంటూ చిల్లర ఖర్చులు వెనకాలే వస్తాయి. నేను రెండు విడతల్లో కొన్నాను. తెలివితో కాదులెండి, చేతిలో డబ్బు లేక. అయినా అదే మంచిదైంది.

2023 వేసవిలో మొదటి విడత: రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డ్, 8 జీబీ ర్యామ్ ఒక్క స్టిక్, ఫైళ్లూ గేములూ దాచుకునే 500 జీబీ ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీ, పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్. అన్నీ కలిపి 32 వేల లోపే అయింది. 5600జీలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండానే పీసీ నడుస్తుంది. మానిటర్ కొనలేదు, పీఎస్4 పెట్టుకున్న టీవీకే హెచ్‌డీఎంఐ వైరు పెట్టాను. మీరూ టీవీతోనే మొదలుపెట్టండి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. జీటీఏ 5 గేము వేసి చూస్తే సెకనుకు ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) 40 దగ్గర ఊగుతున్నాయి, కారు స్పీడు పెంచితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. పదేళ్ల కిందటి పీఎస్4లోనే ఇంతకంటే నున్నగా నడిచేది కదా, 32 వేలు పోసి ఏం తెచ్చుకున్నాను అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత లెక్కలు చూస్తే విషయం తెలిసింది. పీఎస్4 గ్రాఫిక్స్ బలం 1.84 టెరాఫ్లాప్స్ (లెక్కలు చేసే వేగానికి కొలత). 5600జీ లోపలి వేగా గ్రాఫిక్స్ బలం సుమారు 1.7. దాదాపు సమానమే. తేడా అంతా మెమరీలో ఉంది. పీఎస్4లోని 8 జీబీ జీడీడీఆర్5 మెమరీ సెకనుకు 176 జీబీ అందిస్తుంది. 5600జీకి సొంత మెమరీ లేదు, మనం పెట్టిన ర్యామ్ నుంచే తెచ్చుకోవాలి. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే ఉంటే దానికి అందేది సెకనుకు 25.6 జీబీ. బోరుకు రెండు హార్స్‌పవర్ మోటారు బిగించి అరంగుళం పైపు వేసినట్టు.

షాపతను "ఇప్పుడు ఒకటి ఏస్కోండి సార్, తరువాత ఇంకోటి ఏస్కోవచ్చు" అంటే సరేనన్నాను. వచ్చే నెల జీతంలో అలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ తెచ్చి వేశాను. రెండు స్టిక్కులైతే డ్యూయల్ ఛానల్, అంటే సెకనుకు 51.2 జీబీ. అదే గేము 60 దాటింది. ఇంకో మాట, నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులనూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన పెడితే మళ్లీ మామూలే. ఆ పైన బయాస్ అనే మదర్‌బోర్డ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపించేది అదే. నా 3200 ర్యామ్ అది ఆన్ చేసేదాకా 2400 దగ్గరే నడిచింది. కాబట్టి 16 జీబీ ఒక్క స్టిక్ ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి, రెండు ఎనిమిదులు అడగండి. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, నేను కొన్న రేటుకు మీకు దొరకదు. ర్యామ్ వరకు సెకండ్ హ్యాండ్ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, షాపులోనే పెట్టించి చూసుకోండి.

రెండో విడత 2024 సంక్రాంతికి. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 20 వేల పైచిలుకు. 8 జీబీ సొంత మెమరీ, 132 వాట్లు తాగుతుంది. పీఎస్4ను నిజంగా వదిలేశానని అనిపించింది ఆ రోజే. నాలుగైదు వేలు మిగులుతాయని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వైపు చూడకండి. దానికి 4 జీబీ మెమరీ, కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే పీసీఐఈ దారులు నాలుగే. 5600జీకి పీసీఐఈ మూడో తరం వరకే తెలుసు, ఆ జతలో కార్డు ఇంకా నీరసిస్తుంది. 6600కు ఎనిమిది దారులున్నాయి, నష్టం పెద్దగా కనిపించదు. మీ చేతిలో డబ్బు మొత్తం ఒకేసారి ఉంటే మాత్రం జీ లేని 5600 తీసుకోండి. దానికి 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ), జీ ఉన్నదానికి 16. కానీ జీ లేనిది కార్డు లేకుండా తెర మీద ఏమీ చూపించదని గుర్తుంచుకోండి.

కార్డు పెట్టిన రోజు సాయంత్రమంతా "ఏమీ మారలేదే" అని తల పట్టుకు కూర్చున్నాను. హెచ్‌డీఎంఐ వైరు ఇంకా మదర్‌బోర్డ్‌కే ఉంది. నవ్వండి, పర్వాలేదు.

పాత స్టాకు బీ450 బోర్డు తక్కువకు ఇస్తామంటే, దాని బయాస్ రైజెన్ 5000కు అప్‌డేట్ చేసి ఉందా అని అడిగి, ఆన్ చేయించి చూశాకే డబ్బులివ్వండి. క్యాబినెట్‌తో పాటు ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అంటే ఆ ఫ్రీ మాకొద్దనండి. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది విడిగా కొనండి. ఈ లెక్కలో నేను కాస్త చాదస్తమే, కానీ మిగతా పార్టులన్నిటి ప్రాణం దాని మీదే ఉంటుంది.

తిరుపతా చెన్నైనా అన్నారు. మొదట చెన్నైలో కంప్యూటర్ పార్టులమ్మే రిచీ స్ట్రీట్‌కే వెళ్లాను, బస్సులో పుత్తూరు, నగరి మీదుగా నాలుగు గంటలు. ఆదివారం! మూసిన షట్టర్లు చూసుకుని, మౌంట్ రోడ్డులో భోంచేసి తిరిగొచ్చాను. రెండోసారి మామూలు రోజు వెళ్లి, ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అక్కడ తెచ్చాను. మొత్తం మీద రెండున్నర వేలు తగ్గింది. రెండు ప్రయాణాల ఛార్జీలు, తిండి తీసేస్తే మిగిలిందెంతో మీరే లెక్కేసుకోండి. కార్డు మాత్రం తిరుపతిలోనే కొన్నాను. ఏదైనా అయితే బిల్లు పట్టుకుని బండి మీద వెళ్లి అడగొచ్చని. ముందు ఆన్‌లైన్ ధరలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఇక్కడి వాళ్లూ కాస్త దిగుతారు.

ఇప్పుడు కరెంటు సంగతి. దీని గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. పీసీ పెట్టిన వారానికి అమ్మ టేబుల్ తుడుస్తూ కేక పెట్టింది. "ఏం రా ఇది, ముట్టుకుంటే జివ్వుమంటా ఉంది!" నేను చెప్పులేసుకుని ముట్టుకుని ఏమీ లేదమ్మా అన్నాను. అమ్మ ఉత్తకాళ్లతో ఉంది మరి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తే వెలగలేదు. సాకెట్‌కు మూడు కన్నాలున్నాయి కానీ ఎర్త్ వైరు బోర్డు వెనకాల ఊరికే చుట్టి వదిలేశారు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ ఎర్త్‌లోకి పోవాలి. దారి లేకపోతే క్యాబినెట్ రేకు మీదే ఉండిపోతుంది. నా పీఎస్4 స్లిమ్‌కు వచ్చింది రెండు పిన్నుల వైరు, అందుకే అన్నేళ్లూ ఈ సంగతి బయటపడలేదు. వైరు కలిపి, ఎండిపోయిన ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేయించి నీళ్లు పోస్తే జివ్వుమనడం ఆగింది. "ఇంటికొచ్చిన మిషనీకి వెయ్యి, గుంటకు వెయ్యి" అని నాయన ఇప్పటికీ దెప్పుతాడు. మీరు పార్టులు కొనకముందే సాకెట్ చూపించుకోండి.

యూపీఎస్ 600 వీఏది చాలు, సాధారణంగా దాని మీద 360 వాట్లని ఉంటుంది. కరెంటు పోతే గేము సేవ్ చేసి ఆఫ్ చేసేందుకే అది, ఆడుకోవడానికి కాదు. మే నెల ఎండల్లో క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టకండి, ముందు వైపు జాలీ ఉన్నది ఎంచుకోండి.

పీఎస్4 డిస్కులు పీసీలో పనికి రావు, సేవ్‌లు కూడా చాలావరకు రావు. కానీ ఆన్‌లైన్‌లో ఆడటానికి పీఎస్ ప్లస్ లాంటి చందా పీసీలో కట్టనక్కర్లేదు, పీసీ గేములమ్మే ఆన్‌లైన్ స్టోర్ ఎపిక్ వాళ్లు గురువారం గురువారం ఏదో ఒక గేము ఊరికే ఇస్తుంటారు. పీఎస్4 కంట్రోలర్ స్టీమ్ అనే ఇంకో గేమ్ స్టోర్‌లో బాగా పనిచేస్తుంది. వైరు మాత్రం డేటా వెళ్లేది కావాలి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే వైరుతో నేను ఒక పూట పోగొట్టుకున్నాను. అందుకే పీఎస్4 అమ్మేటప్పుడు డిస్కులన్నీ దానితో పాటే ఇచ్చేయండి, రెండు కంట్రోలర్లుంటే వాటిలో బాగున్నది మీ దగ్గర ఉంచుకోండి. అమ్మే ముందు మీ అకౌంట్ తీసేసి ఇనిషియలైజ్ చేయడం, అంటే లోపలిదంతా చెరిపేయడం మరిచిపోకండి. పీసీ నెల రోజులు సరిగ్గా నడిచాకే అమ్మండి, తొందరేం లేదు.