అల్లుడూ, అద్దంలో వెనక కారు కనబడాలి

అల్లుడూ,

సంక్రాంతికి స్నేహితులంతా కలిసి పది కార్లలో శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్దామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది, వినగానే నాకే బయలుదేరాలనిపించింది. అయితే ముందు ఒకటి తేల్చుకోండి. సరదాగా వెళ్లడం వేరు, ర్యాలీ వేరు. పబ్లిక్ రోడ్డు మీద ఎవరు ముందు చేరతారని పందెం పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద కేసే. అసలైన టీఎస్‌డీ ర్యాలీలో, అంటే టైము, స్పీడు, డిస్టెన్సు లెక్క ప్రకారం నడిపే ర్యాలీలో, వేగానికి బహుమతి ఉండదు, ఇచ్చిన సగటు వేగంతో సరైన టైముకి కంట్రోల్ పాయింట్, అంటే దారిలో టైము చూసే చోటు, చేరాలి, ముందుగా చేరినా పెనాల్టీ పడుతుంది, ఆలస్యమైనా పడుతుంది. సగటు గంటకి 36 కిలోమీటర్లు అన్నారనుకో, కిలోమీటరుకి సరిగ్గా 100 సెకన్లు. ఆ లెక్క చూడ్డానికి పక్క సీట్లో ఒకరుండాలి, నడిపేవాడు లెక్కలు వేయకూడదు. మీకు ఈసారికి అదేమీ వద్దు.

మీరు నేర్చుకోవాల్సింది గుంపుగా నడపడం. ఒకసారి మేం తొమ్మిది కార్లతో బొబ్బిలి వైపు వెళ్లాం. ముందున్నాయన మలుపు తిరిగి హాయిగా వెళ్లిపోయాడు, వెనక మూడు కార్లు తిన్నగా పోయాయి, ఫోన్ సిగ్నల్ లేదు, ఒక కారులో చంటిపిల్ల ఉంది, పాలసీసా ఇంకో కారులో ఉంది. గంటన్నర వెతుక్కున్నాం. ఆ పిల్ల ఏడుపు నాకిప్పటికీ గుర్తే. అప్పటినుంచి మాకు ఒకటే రూలు: ఎవరి వెనక కారుకి వాళ్లదే బాధ్యత. మలుపు దగ్గర వెనకవాడు నిన్ను చూసేదాకా కదలొద్దు. కొత్తగా నడిపేవాణ్ణి రెండో కారుగా పెట్టు, అతని వేగమే అందరి వేగం. అందరికన్నా అనుభవం ఉన్నవాడు చివర ఉండాలి, స్టెప్నీ, జాకీ, తాడు అతని డిక్కీలో.

ఆదివారం అరసవల్లి దగ్గర కలుసుకుందాం అనుకోకండి, సూర్యనారాయణ స్వామివారి రోజు, కార్లు ఆపడానికి చోటే దొరకదు. ఊరు దాటాక కలవండి. శ్రీకూర్మంలో దర్శనం, తాబేళ్లని పిల్లలకి చూపించడం, తర్వాత శాలిహుండం. కార్లు కింద ఆపి కొండెక్కితే బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడి వంశధారని చూడొచ్చు, ఎండెక్కకముందే ఎక్కాలి. పొద్దున్న మంచుంటే తొందరపడకండి, హై బీమ్ వేస్తే ఇంకా కనబడదు. గార వైపు రోడ్డు మీద ధాన్యమో చోళ్లో ఆరబోసి ఉంటే దిగి అడిగి పక్కనుంచి వెళ్లండి. అది వాళ్ల ఏడాది కష్టం, దాని మీంచి పది కార్లు పోనిస్తే నేను ఒప్పుకోను.

కళింగపట్నంలో కార్లు ఇసుకలోకి దింపొద్దు, రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్లండి. చీకటి పడకముందే తిరుగు ముఖం పట్టాలి. ముందురోజు సాయంత్రం నీ కారు ఇంటికి తీసుకురా, టైర్లలో గాలీ బ్రేకులూ నేనొకసారి చూస్తాను.

మీ మామయ్య