కళ్లద్దాలు తీసేయడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు కళ్లకూ మైనస్ 5.5 పవరు. అద్దాలకు, కాంటాక్ట్ లెన్సులకు ఏటా 9 వేలు ఖర్చవుతోంది. ఆసుపత్రిలో బ్లేడుతో చేసే లాసిక్ 45 వేలు, ఫెమ్టో లాసిక్ 85 వేలు, స్మైల్ 1.2 లక్షలు అన్నారు. అత్యవసర నిధి పోను నా దగ్గర 60 వేలున్నాయి. ఈఎంఐ మీద స్మైల్ చేయించుకోమంటారా?

జవాబు: ఈఎంఐ వద్దు. ఇక ఏ పద్ధతి అన్నది మీ పర్సు తేల్చేది కాదు, నేను తేల్చేదీ కాదు. కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మందం, ఆకృతి, కంటిలో తడి పరీక్షించి డాక్టరు చెప్పాలి.

లాసిక్‌లో కార్నియా పైపొరను మూతలా లేపి, కింద లేజర్‌తో సరిచేసి, మళ్లీ మూసేస్తారు. బ్లేడుకూ ఫెమ్టోకూ తేడా ఆ మూతను కోసే తీరులోనే, ఫెమ్టోలో దాన్నీ లేజర్‌తోనే కోస్తారు. స్మైల్‌లో మూత ఉండదు, చిన్న గాటులోంచి పలుచని కణజాలం తీసేస్తారు. అందుకే మొదటి నెలల్లో కళ్లు పొడిబారడం కొంత తక్కువ. రోజంతా తెర ముందు కూర్చునే మీకు అది పనికొచ్చేదే. ధరల పట్టీలో లేని పీఆర్‌కే గురించీ అడగండి. ఇందులో మూత కోయరు, కార్నియా మీది పలుచని పైపొర తీసేసి నేరుగా లేజర్‌తో సరిచేస్తారు. కొన్ని రోజులు నొప్పి, చూపు కుదురుకోవడానికి వారాలు. కానీ కార్నియా పలుచగా ఉన్నవారికి తరచూ దీన్నే సూచిస్తారు, సాధారణంగా ఖర్చూ తక్కువే. పెట్టాల్సిన సెలవులను మాత్రం లెక్కలో వేసుకోండి.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. 7.5 డయాప్టర్ల (కంటి పవరు కొలత) లోపు దృష్టిదోషానికి చేసే చికిత్సను మన ఆరోగ్య పాలసీలు మినహాయిస్తాయి. కంపెనీ గ్రూప్ పాలసీలో వేరే షరతు ఉందేమో హెచ్‌ఆర్‌ను అడిగి చూడండి. ఆదాయపు పన్నులో ఆరోగ్య ఖర్చులకు ఇచ్చే మినహాయింపు (80డిగా పేరుపడ్డది) కూడా మీ వయసువారి ఆపరేషన్ బిల్లుకు వర్తించదు.

అద్దాల ఖర్చు మిగులుతుందనే వాదన నాకు నచ్చదు. 1.2 లక్షలు అలా తిరిగి రావడానికి పదమూడేళ్ల పైనే పడుతుంది. అప్పటికి మీకు 41. చత్వారం వచ్చే వయసు, దగ్గరి చూపుకు మళ్లీ అద్దాలు! సౌకర్యం కోసం చేయించుకుంటానంటే అది మంచి కారణమే, అలాగే చేయించుకోండి.

'వడ్డీ లేని' ఈఎంఐలోనూ ప్రాసెసింగ్ రుసుము, జీఎస్టీ దాగి ఉంటాయి. పైగా తొందరేమీ లేదు: ఆపరేషన్‌కు ముందు ఏడాదిగా పవరు మారకుండా ఉండాలి, డాక్టరు పవరు రాసిచ్చిన మీ పాత చీటీలు తీసి చూడండి. నెలకు 10 వేల చొప్పున ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కడితే, చేతిలోని 60 వేలతో కలిపి ఆరు నెలల్లో మూడింటిలో దేనికైనా డబ్బు సరిపోతుంది.

డబ్బు కట్టే ముందు ఒక విషయం రాతపూర్వకంగా తీసుకోండి. పవరు కొంత మిగిలితే రెండోసారి సరిచేయడం ప్యాకేజీలో ఉందా, ఎన్నేళ్ల వరకు? స్మైల్ తర్వాత ఆ దిద్దుబాటు తరచూ పీఆర్‌కేతో చేస్తారు. దానికి వేరే బిల్లు వేస్తారేమో ముందే అడగండి.